జోగేశ్వరరావుగారి ఇర్రివేట పాఠాలు

జోగేశ్వరరావుగారికి ఉన్నది ఒకే ఒక్క బలహీనత. ఎదుట మనిషి కనబడితే చాలు, మదమెక్కిన మగజింకను వేటాడటం ఎలాగో నేర్పకుండా వదలరు. ఆ మనిషికి వేట మీద ఆసక్తి ఉందా, అసలు అతను మాంసం తింటాడా, ఆ క్షణంలో వేరే పనిలో ఉన్నాడా అన్న విచారణ ఆయనకు లేదు.

ధవళేశ్వరంలో గోదావరి గట్టు పక్కనే ఆయన ఇల్లు. నది మధ్య లంకలో ఆయనకు అరటితోట, కూరగాయల మడులు ఉన్నాయి. ఆ లంకలోనే, రెల్లుదుబ్బుల చాటున, కృష్ణజింకల మంద ఒకటి బతుకుతోంది. ఆడదాన్ని లేడి అంటారు, మగదాన్ని ఇర్రి అంటారు. మామూలు రోజుల్లో ఆకు కదిలితే పారిపోయే ఇర్రి, జతకట్టే కాలం వచ్చేసరికి మాత్రం వేరే జంతువైపోతుంది. ఒళ్ళు నల్లగా నిగనిగలాడుతుంది. మెలితిరిగిన కొమ్ములు వెనక్కి వాల్చి, ముక్కు ఆకాశానికెత్తి, ఎవరొస్తారో రండి అన్నట్టు తిరుగుతుంది. ఆ కాలమే జోగేశ్వరరావుగారి సబ్జెక్టు.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి రాజమండ్రి వెళ్ళారు. మత్తు సూదికి నోరు మొద్దుబారి, డాక్టరుకి చెబుతున్న పాఠం మధ్యలో మాట ఆగిపోయింది. ఆయన ఊరుకోలేదు. రెండు చూపుడువేళ్ళూ నెత్తిమీద కొమ్ముల్లా నిలబెట్టి, కుర్చీలోనే బుసలు కొట్టి, మిగతాది సైగలతో పూర్తి చేశారు. మందు వికటించిందనుకుని నర్సు సెలైను కోసం పరుగెత్తింది.

ఇంకోసారి ఎవరిదో పెళ్ళిలో అక్షింతలు వేయడానికి వేదికెక్కి, వరుడి భుజం మీద చెయ్యి వేశారు. "మొదటిసారి కదా బాబూ, కంగారు పడకు. వెంటపడితే అందదు. నిదానంగా ఉంటే అదే దగ్గరికొస్తుంది" అన్నారు. పక్కన మైకు ఆన్‌లో ఉంది. ఆయన చెబుతున్నది జింక సంగతి అని మండపంలో ఎవరికీ తెలియదు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి మైకు వైరు పీకేసేదాకా వరుడి తల పైకి లేవలేదు.

అటవీశాఖ రేంజి ఆఫీసరు కూడా ఒకసారి కోపంగా జీపు దిగాడు. "ఏంటండి, మీరు జనానికి జింకల వేట నేర్పుతున్నారంట?"

"కూర్చోండి, చెప్తాను. మీరు ఎప్పుడైనా వేటకెళ్ళారా?"

"నేను ఆఫీసర్నండి."

"అయితే మొదటినుంచీ చెప్పాలి" అని జోగేశ్వరరావుగారు మొదలుపెట్టారు. ఆఫీసరు పాఠమంతా విన్నాడు, కాఫీ తాగాడు, చెయ్యి కలిపి, ఎందుకో నవ్వుకుంటూ జీపెక్కాడు. మళ్ళీ రాలేదు.

ఇలాంటి మనిషి చేతికి నిరంజన్ చిక్కాడు.

నిరంజన్‌ది కాకినాడలో ఓ ఎరువుల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. అతని భయాల గురించి చెప్పాలంటే, దేనికి భయపడడో చెప్పడం తేలిక. పరుపుకి భయపడడు, పెరుగన్నానికి భయపడడు. లిఫ్టులో ఒంటరిగా ఎక్కడు. కుక్క మొరిగితే దగ్గర్లో ఎవరి స్కూటరుంటే వాళ్ళ వెనక ఎక్కి కూర్చుంటాడు. అలా ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషితో సామర్లకోట దాకా వెళ్ళిపోయాడు. కుక్కరు నాలుగో కూత కూస్తే వరండాలోకి వెళ్తాడు. అతని భార్య దేవిశ్రీ ఇవన్నీ చూస్తూ ఎప్పుడూ ఏమీ అనేది కాదు. ఆమె ఏమీ అనకపోవడమే నిరంజన్‌కి అన్నిటికంటే పెద్ద భయం.

దసరా సెలవులకి ఇద్దరూ రాజమండ్రిలో ఆమె పుట్టింటికి వచ్చారు. దేవిశ్రీ అన్న బుజ్జిబాబుకి అక్కడ ట్రాక్టరు విడిభాగాల షాపుంది. అతను భోజనాల దగ్గర గడ్డపెరుగు వేసుకుంటూ ప్రకటించాడు.

"రేపు పొద్దున్న లంకలో ఇర్రి వేట బావా. తాతగారి తుపాకీ తుడిచి పెట్టాను. నువ్వూ వస్తున్నావు."

"అది నేరం కదా బావా. జైల్లో వేస్తారంట."

"ఎవరికి తెలుస్తుంది? అంత భయమైతే చెప్పు, ఇంట్లో చెల్లాయితో కూర్చుని కందులు ఏరుకుందువుగాని."

నిరంజన్ భార్య వైపు చూశాడు. "మీకు ఇష్టం లేకపోతే వెళ్ళక్కర్లేదండి" అంది దేవిశ్రీ, విస్తరి వైపే చూస్తూ. ఆ మాట మెత్తగానే ఉంది. కాని ఆమె చూడనందుకు నిరంజన్ నోరు తనంతట తనే "వస్తాను" అనేసింది.

ఇద్దరికీ వేట కొత్తే. అందుకని ఆ సాయంత్రమే బుజ్జిబాబు బావని బండెక్కించుకుని ధవళేశ్వరం తీసుకువెళ్ళాడు. జోగేశ్వరరావుగారు వాళ్ళని చూసి, చాలాకాలానికి శిష్యులు ఇంటికి నడిచొచ్చిన గురువులా లేచి ఎదురొచ్చారు. తుపాకీ సంచి చూడగానే ఆయన కళ్ళు ఒక్కసారి టపటపలాడాయి. అంతలోనే సర్దుకున్నారు.

"కొత్తవాళ్ళు ముందుగా చేయాల్సింది, ఒళ్ళంతా ఘాటుగా సెంటు కొట్టుకోవడం" అని మొదలుపెట్టారు. "మదమెక్కిన ఇర్రి ముక్కుకి మరో మగవాసన తగిలితే పోటీకి వచ్చాడనుకుంటుంది. అదే వెతుక్కుంటూ ఎదురొస్తుంది. మనం నడవక్కర్లేదు."

బుజ్జిబాబు ఫోనులో రాసుకున్నాడు.

"గాలి మన వెనకనుంచి దాని వైపు వీచేలా వెళ్ళాలి. లేకపోతే సెంటు వృథా. పసుపురంగు చొక్కా వేసుకోండి, ఎండిన గడ్డిలో కలిసిపోతుంది. గట్టిగా మాట్లాడుకుంటూ నడవాలి. చప్పుడు లేకుండా వస్తే దొంగనుకుంటుంది."

నిరంజన్ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "ఎదురొస్తుందన్నారు. వచ్చాక ఏం చేస్తుందండి?"

జోగేశ్వరరావుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఈ ప్రశ్న అడిగిన మనిషంటే ఆయనకు ప్రాణం. "ముందు గుర్రుమంటుంది అల్లుడుగారూ. కంటి కింద చిన్న గాడి ఉంటుంది, అది తెరుచుకుంటుంది. తర్వాత తల దించుతుంది. తల దించిందంటే ఇంక మీరు చూడాల్సిందేమీ ఉండదు. మా ఊరి పల్లంరాజు వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఇప్పటికీ కుర్చీలో ఒక పక్కకే కూర్చుంటాడు."

"ఏ పక్కకి?" అన్నాడు నిరంజన్ నీరసంగా.

"ఆ రోజుని బట్టి."

మర్నాడు పొద్దున రేవులో పడవ దగ్గరికి చేరేసరికి బావా బావమరుదులు ఇద్దరూ పసుపు చొక్కాల్లో పొద్దుతిరుగుడు పూలలా ఉన్నారు. బుజ్జిబాబు సీసా అంతా ఒంపుకున్నాడు. పడవ నడిపే ఏసురాజు మొహం తిప్పుకుని దగ్గాడు. తుపాకీ వెంట ఉన్నందుకు నిరంజన్‌కి గట్టు మీద నడిచే ప్రతి మనిషీ పోలీసులా కనిపిస్తున్నాడు. పాలక్యాను పట్టుకున్నాయన కూడా మఫ్టీలో వచ్చాడేమో అనిపించింది.

ఇంతలో జోగేశ్వరరావుగారు గొడుగు, పులిహోర డబ్బా పట్టుకుని దిగారు.

"మీరెందుకండి?" అన్నాడు బుజ్జిబాబు.

"కొత్తవాళ్ళని గురువు లేకుండా పంపుతానా?" అని ఆయన పడవ మధ్యలో కూర్చున్నారు.

వరద తగ్గిన గోదావరి ఇంకా ఎర్రగానే ఉంది. ఇంజను టపటపమంటూ లంక వైపు పోతుంటే, నిరంజన్ ఈత రానివాళ్ళు పట్టుకోవలసిన చోట్లన్నీ పట్టుకుని కూర్చున్నాడు. లంకంతా తెల్లగా రెల్లు పూసి ఉంది. అందంగానే ఉంది. ఆ అందం వెనక కొమ్ములున్నాయని తలుచుకుని అతను చూపు నీళ్ళ వైపు తిప్పేసుకున్నాడు.

దిగిన దగ్గరనుంచీ పాఠాలు తు.చ. తప్పకుండా పాటించారు. గాలిని వీపున పెట్టుకుని నడిచారు. జోగేశ్వరరావుగారు ఎలుగెత్తి వివరిస్తూనే ఉన్నారు. ఫలితంగా, వాళ్ళు చూసిన జింకలన్నీ చాలా దూరంలో, వెనకనుంచి, గాలిలో ఎగురుతూ కనిపించాయి. దారిలో ప్రతి రెల్లుదుబ్బూ నిరంజన్‌కి గుర్రుమన్నట్టే వినిపించింది. ఒకచోట వంగి మేస్తున్న గేదెని చూసి రెండు చేతులూ పైకెత్తాడు.

ఎండెక్కాక పడవ దగ్గరికి తిరిగొచ్చి పులిహోర తింటున్నప్పుడు బుజ్జిబాబు విసుగ్గా అడిగాడు. "ఏం ఏసురాజూ, ఆ పల్లంరాజుని పొడిచింది ఈ లంకలోనేనా?"

"ఏ పల్లంరాజుగారండి? కిరాణా కొట్టాయనాండి? ఆయన్ని జింక పొడవడమేంటండి? కడియం రోడ్డులో స్కూటరు మీంచి పడ్డారండి ఆయ్."

జోగేశ్వరరావుగారికి పులిహోరలో మిరపకాయ అడ్డం పడింది. ఆయన దగ్గుతున్నంతసేపూ బుజ్జిబాబు కన్నార్పకుండా చూశాడు. చెయ్యి కడుక్కునే నెపంతో నీళ్ళలోకి దిగి, ఒంటికి పట్టిన సెంటంతా రుద్దిరుద్ది కడిగేశాడు. పసుపు చొక్కా విప్పి పడవలో పడేశాడు. కింద వేసుకున్న బనీను బురదరంగులో ఉంది. బావని పక్కకి లాగి చెవిలో చెప్పాడు.

"ముసలాయన ప్రతిదీ తిరగేసి చెప్తున్నాడు బావా. అంటే దాన్ని మళ్ళీ తిరగేస్తే సరిపోతుంది. వాసన ఉండకూడదు, నోరు మెదపకూడదు, గాలికి ఎదురు నడవాలి. ఇంత చక్కగా ఎవరూ నేర్పరు. నువ్వు ఆయన్ని మాటల్లో పెట్టు."

తుపాకీ తీసుకుని రెల్లులోకి వెళ్ళిపోయాడు. కాస్త దూరం దాకా పూలు కదిలాయి. తర్వాత అదీ ఆగిపోయింది.

నిరంజన్‌కి మాటల్లో పెట్టడం చేతకాదు. భయపడ్డవాళ్ళ దగ్గర రహస్యం నిలవదు. "వెళ్ళిపోయాడండి. మీరు చెప్పింది తిరగేసుకుని వెళ్ళిపోయాడు" అనేశాడు.

జోగేశ్వరరావుగారి మొహంలో రంగు పోయింది. గొడుగు కింద పడేసి లేచారు. "ఎటు?"

"అటేనండి."

"అటు మోకాటిలోతు గడ్డి మైదానం. పెద్ద ఇర్రి ఉండేది అక్కడే. పదండి, పదండి."

ఆయన అంత వేగంగా నడవగలరని నిరంజన్ అనుకోలేదు. పైగా ఒక్క మాట మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దమే నిరంజన్‌ని బాగా బెదరగొట్టింది. రెల్లు ఆకులు చేతులు కోస్తున్నాయి. ముందున్న తెల్లపంచె మలుపులో మాయమైంది. కంగారుగా అడ్డదారిన తోసుకుపోయిన నిరంజన్, ఒక్కసారిగా రెల్లులోంచి బయటపడ్డాడు.

ఎదురుగా ఇర్రి.

రోడ్డు దాటేంత దూరం కూడా లేదు. వీపు బొగ్గులా నలుపు, పొట్ట సున్నంలా తెలుపు. కొమ్ములు ఎవరో కూర్చుని శ్రద్ధగా మెలిపెట్టినట్టున్నాయి. అది పారిపోలేదు. ముక్కు పైకెత్తి, కొమ్ములు మెడ మీదికి వాల్చి, ఒక్కో అడుగే వేసుకుంటూ అతని వైపు వచ్చింది. గుర్రుమంది. కంటి కింద గాడి తెరుచుకుంది. ఇదొక్కటి మాత్రం ఆయన నిజమే చెప్పారన్నమాట అని నిరంజన్‌కి అర్థమైంది. ఆ తర్వాత అతనికి ఏమీ అర్థం కాలేదు. పరుగెత్తమని కాళ్ళకి చెప్పాడు. కాళ్ళు తమకేం సంబంధం లేనట్టు నిలబడ్డాయి.

అప్పుడు కనిపించింది. ఇర్రికి అవతల, రెల్లు అంచున, బురదరంగు బనీను. దాని ముందు తుపాకీ గొట్టం. అది ఇర్రి వైపు ఉంది. ఇర్రి వెనక తనున్నాడు. అరుద్దామంటే గొంతులో గాలి తప్ప మాట లేదు.

"కొత్తవాళ్ళు ఇలాంటప్పుడు చేయాల్సింది ఏంటంటే అల్లుడుగారూ."

పక్కనుంచి జోగేశ్వరరావుగారు మైదానంలోకి నడిచొచ్చారు. రోజూ అరుగు మీద చెప్పే గొంతే. కాని చివర్లు వణుకుతున్నాయి. తుపాకీకీ ఇర్రికీ నడుమ సరిగ్గా మధ్యకి వచ్చి, తుపాకీకి వీపు పెట్టి నిలబడ్డారు.

"మోకాళ్ళు వణికితే వణకనివ్వండి. వణికే కాళ్ళు పరుగెత్తలేవు, అదే మనకి మంచిది. దాని కళ్ళలోకి చూడకండి, దాని వెనక నన్ను చూడండి. నేను మాట్లాడుతూనే ఉంటాను. బుజ్జిబాబూ, నువ్వు ఆ గొట్టం నేలకి దించు నాయనా. తొందరేం లేదు. ముందు వేలు తియ్యి, తర్వాత దించు."

ఇర్రి తల తిప్పి ఆయన్ని చూసింది. తల దించింది. నిరంజన్ కళ్ళు మూసుకున్నాడు. గాలి కోసుకుపోయినట్టు ఏదో చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి ఆ నల్లటి ఒళ్ళు రెల్లుపూల మీదుగా ఎగిరి, ఇంకో ఎగురు ఎగిరి, అటెక్కడో లేళ్ళున్న వైపు వెళ్ళిపోయింది.

బుజ్జిబాబు బయటికొచ్చి గడ్డిలో కూలబడ్డాడు. అతని మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. "నొక్కబోతున్నాను బాబాయిగారూ. వేలు ట్రిగ్గరు మీదే ఉంది. వెనకాల బావ ఉన్నాడని చూళ్ళేదు. ఆ కొమ్ములే చూస్తున్నాను." అదే మాట రెండు మూడుసార్లు అన్నాడు. తుపాకీ వైపు చూడాలన్నా భయపడుతున్నాడు. జీవితంలో మొదటిసారి తనకంటే ఎక్కువ వణుకుతున్న మనిషిని చూసి, నిరంజన్ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"అదే చివరి పాఠం బాబూ" అన్నారు జోగేశ్వరరావుగారు. "గురి వెనక ఎవరున్నారో చూసుకోవడం. అది చెప్పే అవసరం ఇంతవరకు రాలేదు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఇంత దూరం రాలేదు."

అని, మర్యాదగా ఒక పక్కకి ఒరిగిపోయారు. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని పడవ దాకా మోసుకొచ్చారు. ఏసురాజు గోదావరి నీళ్ళు మొహాన కొడితే కళ్ళు తెరిచి, "గాలి ఎటుంది?" అని అడిగారు.

ఇంటి దగ్గర ఆయన భార్య రాజరాజేశ్వరిగారు జరిగిందంతా విని, కాఫీ గ్లాసులు పెట్టి, మొగుడి వైపు ఎగాదిగా చూశారు.

"ఈయన తుపాకీ ముందు నిలబడ్డారా? ఏ ఈయనండి? దీపావళికి వీధిలో పిల్లలు సీమటపాకాయ వెలిగిస్తే ధాన్యం కొట్లో దూరి తలుపేసుకునే మనిషి. కాకరపువ్వొత్తులు వెలిగించినా ఆ రోజు బయటికి రారు."

"మరి ఈ వేట పాఠాలేంటండి?" అన్నాడు నిరంజన్.

"వద్దని చెప్తే జనం ఇంకొకడి దగ్గరికి పోయి సరిగ్గా నేర్చుకుంటారంట. నేర్పుతానంటే తన దగ్గరికే వస్తారంట. ఆ వంకతో ఊరందరి బుర్రలూ తింటున్నారు. ఇంతాచేసి ఆ జింకలు మేసేది ఎవరి తోటనుకున్నారు? మా అరటి పిలకలే. ఈ ఏడు ఒక్కటి మిగిల్చితే చూడండి."

"అంత మెత్తటి పిలక చూస్తే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు" అన్నారు జోగేశ్వరరావుగారు, జింకల తరఫున కాస్త సిగ్గుపడుతూ. తర్వాత బుజ్జిబాబు వైపు తిరిగారు. బుజ్జిబాబు కాఫీ ముట్టకుండా తల దించుకుని కూర్చున్నాడు. "నువ్వేం దిగులు పడకు బాబూ. ఎవరైనా అడిగితే నేనే చెప్తాను. గురి కుదిరి కూడా, గొట్టం ముందు మనిషి కనబడగానే దించినవాడు మా బుజ్జిబాబు అని. అది అబద్ధం కాదుగా. చాలామందికి చేతకాదు."

బుజ్జిబాబు తలెత్తాడు. తుపాకీ సంచిని కాలితో మంచం కిందికి తోశాడు. "ఇది ఇక్కడే ఉంచండి. రేపొచ్చి స్టేషన్లో అప్పజెప్పేస్తాను. అలా చెప్తారా, నిజంగా?" అన్నాడు చిన్నగా. చెబుతానని ఆయన మాటిచ్చాక గ్లాసు అందుకున్నాడు.

అప్పుడే నిరంజన్ ఫోను మోగింది. దేవిశ్రీ. అతను ఎత్తేలోగా జోగేశ్వరరావుగారు చెయ్యి చాచి తీసుకున్నారు.

"అమ్మాయీ, నేను జోగేశ్వరరావుని. అందరూ క్షేమం. జింకలు కూడా. నీకో మాట చెప్పాలి. మీ ఆయన ఎదురుగా పెద్ద ఇర్రి వచ్చింది. మదం మీదుంది. ఎంతమందికి నేర్పానో లెక్కలేదు, అంత దగ్గరికి వస్తే నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే ఒట్టు."

ఫోను నిరంజన్ చేతిలో పెట్టి, ఆయన కాఫీలో మునిగిపోయారు.

"నిజమేనాండి?" అంది దేవిశ్రీ. "కదల్లేదంట కదా."

"కదల్లేదు" అన్నాడు నిరంజన్ నిజాయితీగా.

"భయం వెయ్యలేదా?"

"వేసింది. చాలా."

ఆమె మాటలో నవ్వు వినిపించింది. "భయం వేసి కూడా నిలబడ్డారంటే అది ఇంకా గొప్పండి. మా అన్నయ్యతో నేనే చెప్తాను."

నిరంజన్‌కి మనసు ఒప్పుకోలేదు. కాళ్ళ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఎదురు కుర్చీలోంచి జోగేశ్వరరావుగారు ముందుకు వంగి, ఫోనుకి వినబడకుండా, అతని చెవి దగ్గర చాలా గంభీరంగా అన్నారు.

"కొత్తవాళ్ళు వేటనుంచి వచ్చాక ఎక్కువ మాట్లాడకూడదు అల్లుడుగారూ."